ఎమ్మెస్ దారిలో ఫ్యాషన్ చదువు సాగదు: తిరుపతి నుంచి విదేశాలకు వెళ్లాలనుకునేవారి కోసం

తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ పిల్లను విదేశాలకు పంపిస్తున్నామని చెబితే, వినేవాళ్ల నోట వచ్చే మొదటి ప్రశ్న ‘ఎమ్మెస్‌కా?’ అనే. మన ఇళ్లలో విదేశీ చదువుకు ఒకే దారి స్థిరపడిపోయింది. బీటెక్, జీఆర్ఈ, ర్యాంకున్న యూనివర్సిటీ, బ్యాంకు అప్పు, చదువయ్యాక మూడేళ్లు పనిచేసుకునే వీలు, ఆ జీతంతో అప్పు తీర్చడం. ఈ దారిలోని మలుపులన్నీ ప్రతి వీధిలోనూ ఎవరో ఒకరికి తెలుసు. అందుకే కూతురో కొడుకో ఫ్యాషన్ డిజైన్ చదువుతానంటే, పెద్దవాళ్లు మనస్ఫూర్తిగా ఒప్పుకున్నా, అదే దారిలో నడిపిస్తారు. చిక్కంతా అక్కడే వస్తుంది. ఈ చదువులో సీటు ఇచ్చే పద్ధతి వేరు, ర్యాంకుకు ఉన్న విలువ వేరు, వీసా గడువు వేరు, అప్పు తీరే లెక్క అసలే వేరు.

ముందు ఏ కోర్సు అన్నది తేల్చుకోవాలి. బట్ట రూపాన్ని ఊహించి, గీసి, కత్తిరించి, కుట్టి చూపించడం ఫ్యాషన్ డిజైన్. నేత, అల్లిక, అద్దకం ద్వారా అసలు బట్టనే తయారు చేయడం టెక్స్‌టైల్ డిజైన్. గీసిన బొమ్మను కొలతలుగా మార్చి, ఒంటికి సరిపోయే ముక్కలుగా విడగొట్టడం ప్యాటర్న్ కటింగ్, గార్మెంట్ టెక్నాలజీ. దుకాణంలో ఏ సరుకు ఎప్పుడు ఎంత ఉండాలో చూసేది బయింగ్, మర్చండైజింగ్. ఫొటోలు, పత్రికలు, ప్రచారం ఫ్యాషన్ కమ్యూనికేషన్ కిందికి వస్తాయి. లండన్‌లోని సెంట్రల్ సెయింట్ మార్టిన్స్‌లో బీఏ ఫ్యాషన్ లోపలే విమెన్స్‌వేర్, మెన్స్‌వేర్, నిట్, ప్రింట్, మార్కెటింగ్‌తో కూడిన డిజైన్ అని మళ్లీ శాఖలున్నాయి. మగ్గం వర్క్ దగ్గర గంటల తరబడి కూర్చునే పిల్లకు బహుశా టెక్స్‌టైల్ డిజైన్ నప్పుతుంది. దర్జీ సుద్దతో గుడ్డ మీద గీసే గీతల మీదే కన్ను నిలిచిపోయే పిల్లవాడు ప్యాటర్న్ కటింగ్‌లో రాణించవచ్చు. అందరి చూపూ డిజైనర్ మీదే ఉంటుంది గానీ, మంచి ప్యాటర్న్ కట్టర్ దొరకడం ఏ సంస్థకైనా కష్టమే. కోర్సు పేరు చూసి కాకుండా, రెండో ఏడాది పాఠ్యాంశాల జాబితా చదివి ఎంచుకోమని పిల్లలకు నేను గట్టిగా చెబుతాను. మొదటి ఏడాది అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా ఉంటుంది.

సీటు తెచ్చేది పోర్ట్‌ఫోలియో

ఇంటర్మీడియట్ మార్కులు, ఇంగ్లిష్ పరీక్ష ఐఈఎల్‌టీఎస్ స్కోరు గుమ్మం దాకా తీసుకెళ్తాయి. లోపలికి పిలవాలా వద్దా అన్నది, చేసిన పనుల నమూనాలు కూర్చి పంపే పోర్ట్‌ఫోలియోనే తేలుస్తుంది. మన పిల్లలు ఎక్కువగా పంపేది పూర్తయిన బొమ్మలు. సన్నగా పొడవుగా గీసిన అమ్మాయి, ఒంటిమీద లెహంగా, అంచున చెమ్కీలు. అన్ని పేజీలూ అవే. బొమ్మలు ఎంత ముచ్చటగా ఉన్నా, గీయడం వచ్చన్న ఒక్క సంగతే చూసేవారికి తెలుస్తుంది. వాళ్లు వెతికేది మరొకటి. ఈ విద్యార్థి దేన్ని గమనించింది, దాన్ని ఎన్ని రకాలుగా పరీక్షించి చూసింది, ఏది చెడిపోయింది, చెడిన చోటు నుంచి ఎటు మళ్లింది? అందుకే స్కెచ్‌బుక్కులోని చిత్తు పేజీలు, కోరా గుడ్డతో కుట్టి గుండుసూదులు గుచ్చిన నమూనాల ఫొటోలు, రంగు కారిపోయిన గుడ్డముక్కలు కూడా పోర్ట్‌ఫోలియోలో ఉండి తీరాలి. న్యూయార్క్‌లోని పార్సన్స్ డిజైన్ స్కూలు 8 నుంచి 12 పనులు పంపమంటుంది. వాటికి తోడు పార్సన్స్ ఛాలెంజ్ పేరుతో కొత్తగా ఒక పని చేయించి, అది ఎలా రూపుదిద్దుకుందో రాయమంటుంది.

ఈ విషయంలో తిరుపతి పిల్లలకు ఉన్న వసతి పెద్ద నగరాల పిల్లలకు కూడా లేదు. గంట ప్రయాణంలో శ్రీకాళహస్తి ఉంది. అక్కడి కలంకారీకి 2005లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆ కళాకారుల్లో జొన్నలగడ్డ గురప్ప చెట్టికి 2008లో పద్మశ్రీ దక్కింది. పనిచేసే చోట కూర్చుని చూస్తే అది బొమ్మలు వేయడం ఒక్కటే కాదని, రసాయనశాస్త్రం కూడా అని అర్థమవుతుంది. నూలు గుడ్డను కరక్కాయ కలిపిన గేదెపాలలో తడిపి ఆరబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. కాల్చిన చింతపుల్ల బొగ్గుతో ముందు రేఖలు గీస్తారు. ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో పులియబెట్టి కసీం తీస్తారు. వెదురు కలంతో దాన్ని గుడ్డ మీద రాయగానే, గుడ్డలోని కరక్కాయ సారంతో ఇనుము కలిసి గీత నల్లబడుతుంది. ఎరుపు పద్ధతి ఇంకా వింతైనది. ఎరుపు రావాల్సిన చోట మొదట పటిక నీళ్లు పూస్తారు. అప్పటికి కంటికి పెద్దగా ఏమీ కనిపించదు. ఎరుపునిచ్చే చెక్కలు వేసి మరిగించిన నీళ్లలో గుడ్డను ఉడికించాక, పటిక తగిలిన చోట మాత్రమే రంగు పట్టుకుంటుంది.

దీన్ని పోర్ట్‌ఫోలియోలోకి ఎలా తేవాలి? దేవతామూర్తులను గౌను మీద అచ్చు వేస్తే సరిపోదు. ఒక ఉదాహరణ చెబుతాను. కరక్కాయలో తడిపి ఆరబెట్టిన గుడ్డకు కుచ్చిళ్లు పెట్టి, తాత్కాలికంగా కుట్టేసి, పైనుంచి అడ్డంగా కసీంతో ఒక పొడవాటి గీత గీయమనండి. కుట్లు విప్పితే గీత తునకలు తునకలుగా విడిపోతుంది. మళ్లీ మడిస్తే కలుస్తుంది. ఇప్పుడు నడిచేటప్పుడు విడిపోయి, నిలబడితే ఒక్కటయ్యే గీత ఉన్న పావడాను ఆలోచించవచ్చు. కుచ్చిళ్ల వెడల్పు మారిస్తే ఏమవుతుంది? పట్టు మీద గీత ఎలా పాకుతుంది? పాలు కలపకుండా తడిపితే ఎంత పాడవుతుంది? మూడు ప్రశ్నలు, ప్రతి ప్రశ్నకూ మూడు నాలుగు గుడ్డముక్కలు, పక్కన తేదీ వేసి రెండు ముక్కల్లో రాసుకున్న గమనిక. ఇవన్నీ కలిపితేనే ఒక ప్రాజెక్టు. ఇంత పనిని లెహంగా బొమ్మలు ఎన్ని ఉన్నా చూపించలేవు.

శ్రీకాళహస్తి ఒక్కటే అననక్కర్లేదు. వెంకటగిరిలో రెండు వైపులా ఒకేలా కనిపించేలా నేసే జాందానీ బుటా ఉంది. చేనేత సాంకేతిక విద్యా సంస్థ కూడా ఆ ఊళ్లోనే ఉంది. నగరిలో మరమగ్గాలున్నాయి. తిరుపతి వీధుల్లో మగ్గం వర్క్ చేసేవాళ్లు ట్రేసింగ్ కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, కిరోసిన్‌లో కలిపిన జింకు పొడిని రుద్ది, డిజైన్‌ను జాకెట్టు గుడ్డ మీదికి దించే తీరు ఏ స్కెచ్‌బుక్కులోనైనా రెండు పేజీలకు తగినది. ఒక్క మాట మాత్రం మరవకూడదు. పని నేర్పిన కళాకారుల పేరును వారి అనుమతితో పోర్ట్‌ఫోలియోలో రాయాలి, వారు వెచ్చించిన సమయానికి డబ్బు ఇవ్వాలి. వారు గీసిన బొమ్మను తన పనిగా చూపిస్తే అది దొంగతనమే. పైగా సీటు ఇచ్చేముందు ఇంటర్వ్యూలో ‘ఇది నువ్వు ఎలా చేశావు?’ అని అడిగితే బయటపడిపోతుంది.

పన్నెండో తరగతి అయ్యేసరికి ఇలాంటి పని చేతిలో లేకపోతే బ్రిటన్‌లో ఫౌండేషన్ డిప్లొమా అనే ఏడాది కోర్సు ఉంది. బొమ్మలు, శిల్పం, ఫొటోగ్రఫీ, బట్ట అన్నీ తాకించి, బీఏకు కావాల్సిన పోర్ట్‌ఫోలియోను అక్కడే తయారు చేయిస్తారు. మేలైన పద్ధతే. కానీ దానికీ విదేశీ విద్యార్థి ఫీజే కట్టాలి, మూడేళ్ల బీఏకు మరో ఏడాది ఖర్చు తోడవుతుంది.

ర్యాంకుల పట్టిక ఎంతవరకు పనికొస్తుంది

ప్రపంచ ర్యాంకుల్లో ‘ఆర్ట్ అండ్ డిజైన్’ అన్నదంతా ఒకే విభాగం. భవనాల లోపలి అలంకరణ, గ్రాఫిక్స్, వస్తువుల డిజైన్, బట్టలు అన్నీ కలిపి ఒకే అంకె ఇస్తారు. ఫ్యాషన్ విభాగం మంచిచెడ్డలు ఆ అంకెలో కనిపించవు. బెల్జియంలోని ఆంట్‌వెర్ప్ రాయల్ అకాడమీ 1663లో పుట్టింది, ఫ్యాషన్ విభాగం 1963లో మొదలైంది. డ్రీస్ వాన్ నోటెన్, ఆన్ డెమెలెమీస్టర్, మార్టిన్ మార్జియెలా వంటి పేరున్న డిజైనర్లు చదివింది ఆ విభాగంలోనే. ర్యాంకుల పట్టిక పట్టుకుని వెతికేవారి కంట అది పడడం కష్టం.

ఫీజుల్లో తేడా ఇంకా ముఖ్యం. న్యూయార్క్‌లోనే రెండు పేరున్న విద్యాలయాలున్నాయి. పార్సన్స్ ప్రైవేటు సంస్థ, ఏడాది ట్యూషనే 55 వేల డాలర్లకు పైన. ఫ్యాషన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ న్యూయార్క్ రాష్ట్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో భాగం. 1944లో పరిశ్రమ అవసరాల కోసమే పెట్టారు. బయటివారికి కూడా ట్యూషన్ పార్సన్స్‌లో సగం కూడా ఉండదు. ఒకే నగరం, అవే స్టూడియోలు, ఇంటర్న్‌షిప్‌ల కోసం తట్టేవీ అవే తలుపులు. ఇటలీలోనూ ఇంతే. మిలాన్, ఫ్లోరెన్స్‌లలోని ప్రైవేటు ఫ్యాషన్ స్కూళ్లు ఏడాదికి 15 వేల నుంచి 25 వేల యూరోల దాకా వసూలు చేస్తాయి. ప్రభుత్వ విశ్వవిద్యాలయమైన పొలిటెక్నికో ది మిలానోలో కుటుంబ ఆదాయాన్ని బట్టి ఫీజు నిర్ణయిస్తారు, గరిష్ఠంగా కట్టినా ఏడాదికి 4 వేల యూరోలకు అటూఇటూ. తక్కువ ఆదాయం ఉన్నవారికి అక్కడి ప్రాంతీయ ప్రభుత్వాల ఉపకార వేతనాలు కూడా ఉన్నాయి. వాటికి మన తహసీల్దారు కార్యాలయం నుంచి తెచ్చిన ఆదాయ, ఆస్తి పత్రాలను అనువదించి, ధ్రువీకరించి పంపాలి. బ్యాచిలర్స్ స్థాయిలో బోధన ప్రధానంగా ఇటాలియన్‌లో ఉంటుందన్నది ఇక్కడి అసలు అడ్డంకి. జర్మనీ ప్రభుత్వ కళాశాలల్లో చాలాచోట్ల ట్యూషనే లేదు. కానీ జర్మన్ భాష రావాలి, పోర్ట్‌ఫోలియో నెగ్గాలి, భారతీయ విద్యార్థులు తమ చదువు పత్రాలు సరైనవేనని తేల్చే ఏపీఎస్ ధ్రువపత్రం తీసుకోవాలి, ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు, నెలనెలా కొంతే తీయగలిగే బ్లాక్డ్ అకౌంట్‌లో వేసి చూపించాలి.

ఎయిర్ బైపాస్ రోడ్డులోనో చిత్తూరు బజారులోనో ఉన్న కన్సల్టెన్సీలో ఈ ప్రభుత్వ విద్యాలయాల పేర్లు తరచూ ఎందుకు వినిపించవో కూడా తెలుసుకోవాలి. చాలా కన్సల్టెన్సీలకు ఆదాయం, విద్యార్థి చేరాక విదేశీ విద్యాసంస్థ ఇచ్చే కమీషన్ నుంచి వస్తుంది. కమీషన్ ఇవ్వని సంస్థ వాళ్ల జాబితాలో ఉండదు. వీసా కాగితాలు సర్దడంలో వాళ్ల అనుభవం పనికొస్తుంది. ఏ కాలేజీ అన్నది మాత్రం ఇంట్లోవాళ్లే కూర్చుని తేల్చుకోవాలి.

చదువయ్యాక ఎన్నాళ్లు ఉండనిస్తారు

మన కుటుంబాలు ఎక్కువగా దెబ్బతినేది ఈ లెక్కలోనే. అమెరికాలో చదువు ముగించిన ఎఫ్1 (విద్యార్థి వీసా) విద్యార్థులందరికీ ఓపీటీ (చదివిన రంగంలో పని అనుభవానికి ఇచ్చే అనుమతి) కింద 12 నెలలు పనిచేసే వీలుంది. మన ఇంజినీర్లకు వచ్చే అదనపు 24 నెలలు ‘స్టెమ్’ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం) జాబితాలో ఉన్న కోర్సులకే. ఫ్యాషన్ డిజైన్ ఆ జాబితాలో లేదు. అంటే కంప్యూటర్స్ చదివిన పక్కింటి అబ్బాయికి మూడేళ్లు, మన అమ్మాయికి ఒక్క ఏడాది. ఆ ఏడాదిలో ఉద్యోగ వీసా అయిన హెచ్1బీ లాటరీకి పేరు పెట్టే సంస్థ దొరకాలి. చిన్న డిజైన్ స్టూడియోలు ఆ ఖర్చు, శ్రమ పెట్టుకోవడం అరుదు. బట్టల మీద మక్కువతో పాటు సైన్సు మీద పట్టు ఉన్నవారికి మరో ద్వారం ఉంది. టెక్స్‌టైల్ సైన్స్, ఇంజినీరింగ్ కోర్సులు స్టెమ్ కిందికే వస్తాయి. నార్త్ కరోలినా స్టేట్ యూనివర్సిటీలో టెక్స్‌టైల్స్ కోసమే విల్సన్ కాలేజీ ఉంది. ఎంపీసీ చదివిన పిల్లలు దీన్ని తప్పక పరిశీలించాలి.

బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ వీసా ఇప్పటిదాకా రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసే బ్యాచిలర్స్, మాస్టర్స్ విద్యార్థులకు అది 18 నెలలే. ఇప్పుడు చేరబోయేవారందరూ ఆ 18 నెలల కిందికే వస్తారు. ఆ తర్వాత స్కిల్డ్ వర్కర్ వీసాకు మామూలుగా ఏడాదికి 41,700 పౌండ్ల జీతం ఉండాలి, కొత్తగా వృత్తిలోకి వచ్చేవారికి 33,400. అసిస్టెంట్ డిజైనర్‌గా మొదట ఇచ్చే జీతాలు చాలావరకు ఈ రెండింటికీ దిగువనే. జర్మనీలో ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు, ఇటలీలో 9 నుంచి 12 నెలలు ఇస్తారు.

చదువుతున్నప్పుడు పాటించాల్సిన నియమం ఒకటి ఫ్యాషన్ విద్యార్థులను ప్రత్యేకంగా ఇరికిస్తుంది. బ్రిటన్ విద్యార్థి వీసా మీద కాలేజీ నడిచే రోజుల్లో వారానికి 20 గంటలు ఉద్యోగం చేయవచ్చు గానీ, సొంతంగా వ్యాపారం చేయకూడదు. అమెరికాలో ఎఫ్1 మీద ఉన్నవారూ అనుమతి లేకుండా బయట డబ్బుకు పని ఒప్పుకోకూడదు. తాను కుట్టిన డ్రెస్సును ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టి అమ్మడం, పెళ్లికి వచ్చిన తెలుగువాళ్లకు జాకెట్టు డిజైన్ చేసిచ్చి డబ్బు తీసుకోవడం మనకు మామూలు విషయాలు. వీసా నిబంధనల దృష్టిలో అది సొంత వ్యాపారం. సొంత బ్రాండ్ పెట్టాలన్న కలతో వెళ్లేవారికి ఈ సంగతి బయల్దేరకముందే తెలియాలి. బ్రిటన్‌లో గ్రాడ్యుయేట్ వీసా వచ్చాక ఆ ఆంక్ష ఉండదు.

డబ్బు

లండన్‌లో ఫ్యాషన్ బీఏకు విదేశీ విద్యార్థి ఫీజు ఏడాదికి 30 వేల పౌండ్లకు అటూఇటూ. పౌండును 115 రూపాయలుగా వేసుకున్నా దాదాపు 35 లక్షలు. వీసా కోసం లండన్ జీవన వ్యయం కింద నెలకు 1,500 పౌండ్లకు పైగా, తొమ్మిది నెలలకు చూపించాలి. అది మరో 15 లక్షలు దాటుతుంది. ఆరోగ్య సర్‌చార్జి ఏడాదికి 776 పౌండ్ల చొప్పున కోర్సు కాలమంతటికీ ముందే కట్టాలి. మూడేళ్లకు కలిపి కోటిన్నర మాట. వీటిలో లేని ఖర్చు ఇంకొకటి ఉంది. గుడ్డ, దారాలు, ప్రింటింగ్, చివరి ఏడాది ప్రదర్శనకు చేసే కలెక్షన్, అన్నీ విద్యార్థి సొంత ఖర్చే. ఇంజినీరింగ్ విద్యార్థికి ల్యాప్‌టాప్ కొంటే సరిపోతుంది. ఫ్యాషన్ విద్యార్థికి నెలనెలా చేతిలోంచి డబ్బు పోతూనే ఉంటుంది.

బ్రిటన్ వీసాకు చూపే డబ్బు విద్యార్థి ఖాతాలోనో, తల్లిదండ్రుల ఖాతాలోనో వరుసగా 28 రోజులు ఉండాలి. మేనమామ ఖాతాలో ఉన్నా, పెద్దనాన్న సర్దుతానన్నా లెక్కలోకి రాదు. పొలం విలువ, బంగారం విలువ కూడా అంతే. విద్యారుణం మంజూరు పత్రం ఉంటే సరిపోతుంది. బ్యాంకులు పాటించే నమూనా పథకంలో 7.5 లక్షల వరకు ఆస్తి తాకట్టు అడగరు. ఆపైన ఇల్లో స్థలమో పెట్టాలి. తాకట్టు లేకుండా పెద్ద మొత్తాలు ఇచ్చేందుకు బ్యాంకులు తమకు నచ్చిన విద్యాసంస్థల జాబితాలు పెట్టుకుంటాయి. మీరు ఎంచుకున్న ఫ్యాషన్ స్కూలు అందులో ఉందో లేదో దరఖాస్తు ఫీజు కట్టకముందే మేనేజరును అడగండి. గుర్తింపు పొందిన సంస్థ నుంచి తీసుకున్న విద్యారుణంతో విదేశాలకు పంపే సొమ్ముపై 2025 ఏప్రిల్ నుంచి టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే వసూలు చేసే పన్ను) లేదు. సొంత డబ్బయితే ఏడాదిలో 10 లక్షలు దాటాకే పడుతుంది.

ఇల్లు తాకట్టు పెట్టి, 18 నెలల గడువున్న వీసా మీద కోటిన్నర అప్పు తీర్చాలనుకోవడం సాహసం. ఆ సాహసం చేయవద్దని నేను నిస్సంకోచంగా చెబుతాను. పిల్లల ప్రతిభ మీద అనుమానంతో కాదు. వృత్తిలో మొదటి నాలుగైదేళ్లు నేర్చుకునే కాలం, జీతం తక్కువగా ఉండే కాలం. ఆ కాలమంతా ఈఎంఐ కోసం దొరికిన ఏ పనైనా చేయాల్సి వస్తే, నేర్చుకోవాల్సిన చోట పనిచేసే వీలే పోతుంది.

చాలా కుటుంబాలకు నాకు సరైనదిగా తోచేది, బ్యాచిలర్స్ ఇక్కడ చేసి, మాస్టర్స్‌కు బయటికి వెళ్లడం. జాతీయ ఫ్యాషన్ టెక్నాలజీ సంస్థ నిఫ్ట్ 1986లో ఏర్పడింది. హైదరాబాద్ క్యాంపస్ 1995 నుంచి ఉంది. అక్కడి నాలుగేళ్ల బీడిజైన్ ట్యూషన్ మొత్తం కలిపినా లండన్‌లో ఒక ఏడాది ఫీజులో సగం కాదు. అహ్మదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థ ఎన్ఐడీ 1961 నాటిది. కాన్పూర్ దగ్గరి పల్లెలో పుట్టి, ఫిజిక్స్ చదివిన రాహుల్ మిశ్రా ఎన్ఐడీలో డిజైన్ నేర్చుకున్నాకే ఉపకార వేతనంతో మిలాన్‌లోని ఇస్టిట్యూటో మరాంగోనికి వెళ్లారు. 2014లో అంతర్జాతీయ ఊల్‌మార్క్ బహుమతి గెలిచారు. 2020లో పారిస్ హాట్ కుతూర్ (ఒక్కొక్కరికి ప్రత్యేకంగా చేత్తో కుట్టే దుస్తుల) వారోత్సవంలో చోటు దక్కించుకున్న తొలి భారతీయ డిజైనర్ ఆయనే. ఆయన బట్టల్లో కనిపించేది మన దేశపు చేతి ఎంబ్రాయిడరీయే. మరో డిజైనర్ గౌరవ్ గుప్తా కూడా నిఫ్ట్ తర్వాతే సెంట్రల్ సెయింట్ మార్టిన్స్‌కు వెళ్లారు. ఇక్కడ చదివి రెండేళ్లు పనిచేస్తే బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చీవెనింగ్ ఉపకార వేతనానికి కావాల్సిన అనుభవం కూడా సమకూరుతుంది. ఏడాది మాస్టర్స్‌కు ఫీజు, ఖర్చులు అన్నీ అదే భరిస్తుంది.

ఇంటర్ అవగానే వెళ్లాలన్నవారికి కాలం చాలా తక్కువ. బ్రిటన్‌లో ప్రధాన గడువు జనవరి నెలలో ముగుస్తుంది. మనకు ఇంటర్ రెండో ఏడాది పరీక్షలు ఆ తర్వాత వస్తాయి. అంటే పోర్ట్‌ఫోలియో రెండో ఏడాది దసరా, దీపావళి నాటికే ఒక రూపానికి రావాలి. రెసిడెన్షియల్ కాలేజీలో తెల్లవారుజాము నుంచి రాత్రి దాకా స్టడీ అవర్లలో ఉండే పిల్లలకు పెన్సిల్ పట్టే సమయమే దొరకదు. ఆ పిల్లలను రాత్రిళ్లు కూర్చోబెట్టి బొమ్మలు గీయించడం కన్నా, ఇంటర్ అయ్యాక ఒక ఏడాది ఆగడం ఎంతో నయం. ఏడాది వృథా అవుతుందని భయపడనక్కర్లేదు. కలంకారీ నేర్చుకున్నట్టు, దర్జీ దగ్గర పనిచేసినట్టు రాతపూర్వకంగా చూపించగలిగితే, ఆ ఏడాది దరఖాస్తుకే బలమవుతుంది. ఏప్రిల్‌లో మొదలుపెడితే కటింగ్, కుట్టు నేర్చుకోవడానికి మూడు నాలుగు నెలలు, శ్రీకాళహస్తిలోనో వెంకటగిరిలోనో ఒక ప్రాజెక్టుకు మూడు నెలలు, ఐఈఎల్‌టీఎస్‌కు నెలన్నర పోయినా, పేజీలు సర్ది ఫొటోలు తీసి పంపడానికి డిసెంబరు మిగులుతుంది.